చాప కింద నీరు

పిల్లలూ!

"చాప కింద నీరులాగా" అనే మాట మీరు వినే వుంటారు. చాప మీద హాయిగా కూచుని వుంటాము. పైకి ఏమీ కనిపించదు. అడుగున మాత్రం నీరు మెల్లగా పాకుతూ వస్తుంది. ఒంటికి తడి తగిలేసరికి చాప అంతా నానిపోయి వుంటుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో ఈ జాతీయానికి అర్థం చెప్పాను. సొంతవాక్యంలో వాడమని ఎందరి చేతనో రాయించాను. కాని ఆ నీరు నా కారులోనే, నిజమైన చాప కిందనే వున్నదని కిందటి వానాకాలం దాకా నాకు తెలియలేదు. ఈ నెల ఆ సంగతే చెబుతాను. ఇందులో కొంత సైన్సు వుంది, కొంత చేతిపని వుంది, మీ మాస్టారు చేసిన తప్పులు కూడా కొన్ని వున్నాయి.

మా ఇంట్లో ఒక పాత అంబాసిడరు కారు వుంది. మా అన్నయ్య 1978లో కొన్నాడు. ఆయన తరవాత నా దగ్గరికి వచ్చింది. మీలో చాలామంది ఈ కారును పాత సినిమాలలోనే చూసి వుంటారు. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును నమూనాగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు 1950ల చివర నుంచి 2014 దాకా దీన్ని తయారుచేశారు. ఒకప్పుడు మంత్రిగారు ఎక్కినా అదే, పెళ్ళివారు టాక్సీలో ఎక్కినా అదే. ఆ కారును మళ్ళీ కొత్తదానిలా చేయాలని నాకు చాలాకాలంగా కోరిక.

మా మనమరాలు ఆరో తరగతి చదువుతున్నది. వాన పడే రోజుల్లో దాన్ని నేను ఆ కారులోనే బడికి దింపుతాను. ఒకరోజు అది, "తాతయ్యా, నా మేజోళ్ళు తడిసిపోతున్నాయి," అన్నది.

"నీళ్ళ సీసా మూత సరిగా పెట్టి వుండవు, చూసుకో," అన్నాను.

వారం పోయాక మళ్ళీ అదే మాట అన్నది. నేనూ మళ్ళీ అదే జవాబు చెప్పాను. మూడోసారి అది నాతో ఏమీ అనలేదు. కారు ఇంటి ముందు ఆగగానే వంగి, కాళ్ళ కింది చాప ఎత్తింది.

"తాతయ్యా! ఇందులోంచి రోడ్డు కనిపిస్తోంది!"

వెళ్ళి చూద్దును గదా, నిజమే! చాప కింద రేకు ఎర్రగా తుప్పుపట్టి వుంది. నడుమ రూపాయిబిళ్ళంత కన్నం. దాని పక్కన వేలుతో నొక్కితే రేకు అప్పడంలాగా విరిగి వచ్చింది. ఆ పిల్ల రోజూ పాదాలు పెట్టుకునే చోటు అది. ఇంకొక వానాకాలం ఇట్లాగే గడిచివుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే నాకు భయం వేసింది.

నీరు ఎక్కడినుంచి వచ్చింది? తలుపు సందుల్లోంచి. తలుపు చుట్టూ వుండే రబ్బరు ఎప్పుడో పాడైపోయింది. మెకానిక్కులు దాన్ని డోరు రబ్బరు అంటారు, బీడింగు అని కూడా అంటారు. అరచేతిలో చుట్టగా ఇమిడే రబ్బరు పాడైతే దళసరి ఉక్కు రేకుకు కన్నం పడిందన్నమాట!

మా విశాఖపట్నంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దేశంలో సముద్రపుటొడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం మాదే. దానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో జాతికి అంకితమయింది. ఉక్కు పుట్టే వూరు ఇది. ఉక్కుకు శత్రువయిన ఉప్పుగాలి వీచే వూరు కూడా ఇదే. ఇనుము తుప్పుపట్టాలంటే నీరూ కావాలి, గాలిలోని ప్రాణవాయువూ కావాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా తుప్పు పట్టదు. రేకు మీద నిలిచిన తడిచుక్క ఒక చిన్న బ్యాటరీ వంటిది. చుక్క కింద ఒకచోట ఇనుము కరుగుతూ వుంటుంది. అక్కడినుంచి విద్యుత్తు రేకులోనుంచే ఇంకొక చోటికి ప్రవహిస్తుంది. ఉప్పు కలిసిన నీటిలో ఈ బ్యాటరీ మరింత చురుకుగా పనిచేస్తుంది. అందుచేత సముద్రం పక్కన వున్న ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. చాప కింద గాలి ఆడదు గనక తడి ఆరదు, పని ఆగదు.

ఇక రబ్బరు సంగతి. మీ ఇంట్లో కుక్కరు మూతకు వుండే రబ్బరును ఎప్పుడయినా వేలుతో నొక్కి చూశారా? నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. కారు తలుపు రబ్బరు కూడా అంతే. అది చాలావరకు బోలుగా, గొట్టంలాగా వుంటుంది. తలుపు మూయగానే నలిగి, మళ్ళీ లేవాలని రెండువైపులా తోస్తూ వుంటుంది. ఆ తోపుడు వల్లనే సందు మూసుకుపోయి నీరు ఆగుతుంది.

ఈ గుణం చెట్టు పాల నుంచి వచ్చిన పచ్చి రబ్బరుకు అంతగా లేదు. అది ఎండకు జిగురుగా మెత్తబడుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో చార్లెస్ గుడియర్ అనే అమెరికావాడు రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఆ లోపం పోతుందని కనిపెట్టాడు. రబ్బరు అణువులు పొడవాటి దారాల వంటివి. చిక్కుపడిన దారపు వుండలో అక్కడక్కడ ముడులు వేసినట్టుగా గంధకం ఆ దారాలను కలిపి వుంచుతుంది. లాగితే సాగుతాయి, వదిలితే ముడులు వాటిని వెనక్కు తెస్తాయి.

అయితే రబ్బరుకు కూడా ముసలితనం వుంది. ఏళ్ళ తరబడి నలిగినచోటే నలుగుతూ, ఎండకు కాగుతూ వుంటే ఆ ముడులు కొన్ని తెగి కొత్తచోట్ల పడతాయి. అప్పుడు రబ్బరు నలిగిన ఆకారాన్నే తన ఆకారం అనుకుంటుంది. వదిలినా లేవదు. గాలిలో కొద్దిగా వుండే ఓజోను కూడా రబ్బరుకు పగ. సాగదీసి వుంచిన రబ్బరు మీద అది చిన్న చిన్న పగుళ్ళు తెస్తుంది.

ఇందులో నా తప్పు కూడా వుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా వూరిని తాకింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. మా కారు షెడ్డు పైరేకులు ఎగిరిపోయాయి. కారుకు ఏమీ కాలేదు గదా అని సంతోషించాను. షెడ్డును మాత్రం రేపు బాగుచేద్దాము, ఎల్లుండి బాగుచేద్దాము అనుకుంటూ ఏళ్ళు గడిపాను. ఆ ఏళ్ళన్నీ కారు ఎండలోనే నిలబడింది. రబ్బరు మాడిపోయింది.

కన్నం చూసిన ఆదివారమే నేను విడిభాగాల దుకాణానికి వెళ్ళి కొత్త రబ్బరు తెచ్చాను. గంటన్నరలో పని పూర్తిచేశాను. ఎట్లా చేశానో వినండి. పాత బంక పూర్తిగా గీకలేదు. రబ్బరు పొడవు సరిపోదేమోనని గట్టిగా లాగి అంటించాను. లావుగా వుంటే మంచిది గదా అని లావుపాటి రకమే కొన్నాను. తలుపు అడుగున ఎక్కడ కన్నం కనిపిస్తే అక్కడ బంక పూసి మూసేశాను. "ఇక చుక్క రాదు!" అని మా మనమరాలికి ధైర్యం చెప్పాను.

తరవాతి వానకు అంతకుముందు కంటె ఎక్కువ నీరు వచ్చింది! పైగా తలుపు మూయాలంటే రెండు చేతులతో బాదవలసి వచ్చింది.

మా పక్కవీధిలో ఒక పెద్దాయన వున్నారు. హార్బరులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. నేను తలుపు బాదడం చూసి దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, ఇంట్లో సుద్దముక్క వుందా?" అన్నారు.

"సుద్దముక్కకేం అన్నయ్యగారూ, జన్మంతా దానితోనే గడిపాను. దేనికి?" అన్నాను.

"ఓడలో సరుకు నింపే గదులకు పెద్ద పెద్ద ఉక్కు మూతలు వుంటాయి గదా! వాటి అడుగున చుట్టూ రబ్బరు వుంటుంది. ఆ రబ్బరు సందు ఇచ్చిందంటే సముద్రపు నీరు దిగి ధాన్యమయినా, ఎరువయినా పాడవుతుంది. అందుకని తనిఖీ చేసేవాళ్ళు మూత కూర్చునే ఉక్కు అంచు మీద సుద్ద రుద్దుతారు. మూత దించి, మళ్ళీ ఎత్తి చూస్తారు. రబ్బరు మీద తెల్లని గీత తెగకుండా చుట్టూ పడితే మంచిదే. ఎక్కడ గీత తెగిందో అక్కడ సందు వున్నట్టు. తరవాత గొట్టంతో నీళ్ళు కొట్టి చూస్తారు. మీరు రబ్బరు మార్చారు గాని మాస్టారూ, నీరు ఎక్కడ వస్తోందో చూడలేదు."

పిల్లలూ, మా రేవులోకి 1933 నుంచి ఓడలు వస్తున్నాయి. ఆ ఓడలను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. సుద్దముక్కతో ఇంత పని వున్నదని మాత్రం ఆనాడే తెలిసింది. "పరిశీలించండి, తరవాతనే తీర్పు చెప్పండి," అని సైన్సు పాఠంలో ఎన్నిసార్లు చెప్పివుంటాను! సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠమే మరిచిపోయాను.

వెంటనే పరీక్ష మొదలుపెట్టాము. తలుపు మూసినప్పుడు రబ్బరు ఆనే రేకు అంచు మీద మా మనమరాలు చుట్టూ సుద్ద రుద్దింది. తలుపు మూసి, తెరిచి, రబ్బరు మీది గీతను వేలుతో చూపుతూ చదివింది. కీళ్ళ వైపున గీత మందంగా పడింది. అక్కడ రబ్బరు మరీ నలుగుతున్నది. అందుకే తలుపు పడటం లేదు. పైన వెనక మూలలో జానెడు మేర గీతే లేదు! కారణం చూడగానే తెలిసింది. నేను రబ్బరును లాగి అంటించాను గదా! లాగిన రబ్బరు సన్నబడి, మూల తిరిగేచోట అడ్డదారి పట్టి లోపలికి జరిగిపోయింది.

తరవాత నీటి పరీక్ష. మా మనమరాలు టార్చిలైటు పట్టుకుని కారులో కూచున్నది. నేను గొట్టం పట్టుకున్నాను. పైనుంచి పోయబోతుంటే పెద్దాయన ఆపారు. "కిందనుంచి మొదలుపెట్టి పైకి రండి. పైన పోస్తే నీరు కిందికి జారి అన్నిచోట్లా తడే కనిపిస్తుంది. ఎక్కడ దిగిందో తేలదు," అన్నారు. ఎంత చక్కని మాట! ఒకసారికి ఒకచోటే పరీక్షించాలి. మూల దగ్గరికి రాగానే, "ఇక్కడ, తాతయ్యా!" అని కేక వినిపించింది. అనుకున్నదే. కాని అద్దం మీద నీరు పోయగానే ఇంకొక కేక వినిపించింది. "తలుపు అడుగున లోపలినుంచి కారుతోంది!"

ఇది నేను అనుకోలేదు. కారు అద్దం కిందికి దిగడానికి తలుపులో ఒక సందు వుంటుంది. వానలో ఆ సందు గుండా కొంత నీరు తలుపు పొట్టలోకి పోకతప్పదు. ఆ నీరు బయటికి పోవడానికే తలుపు అడుగున చిన్న కన్నాలు పెడతారు. నేను బంక పూసి మూసినవి ఆ కన్నాలే! పోయే దారి లేక నీరు తలుపులో నిండి కారు లోపలికి పొర్లింది. చీపురుపుల్లతో బంక తీయగానే గ్లాసెడు ఎర్రనీళ్ళు కారాయి. నీటిని ఆపవలసిన చోట ఆపాలి, పోనివ్వవలసిన చోట పోనివ్వాలి. నేను రెండూ తారుమారు చేశాను.

ఇంకొక సందేహం మిగిలింది. రబ్బరు ఎంత లావు వుండాలి? మా ఆర్.కె. బీచిలో కురుసుర అనే జలాంతర్గామి వుంది. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా వుంది. జలాంతర్గామి పైమూతకు కూడా రబ్బరు వుంటుంది. అయితే దానికి సముద్రమే సాయం చేస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 100 మీటర్ల లోతున 60 సెంటీమీటర్ల అడ్డుకొలత వున్న గుండ్రని మూత మీద ఎంత బరువు పడుతుందో లెక్కవేయండి. సుమారు 28 టన్నులు! అంత బరువు మూతను రబ్బరు మీదికి అదుముతుంది. కారు తలుపుకు అట్లాంటి తోడు లేదు. ఒక చిన్న గడియ మాత్రమే దాన్ని పట్టి వుంచుతుంది. అందుచేత రబ్బరు పలచనయితే సందు మిగులుతుంది, లావయితే గడియ పడదు.

ఆ కొలత కూడా మా మనమరాలే తీసింది. నేను తప్పుగా అంటించిన రబ్బరు పీకేసి, రేకు అంచున ఎనిమిదిచోట్ల నూనె కాగితంలో చుట్టిన ఆటమన్ను వుండలు పెట్టింది. తలుపు మూసి తెరిచింది. నలిగిన వుండల మందమే సందు కొలత. దానికంటె కొంచెం ఎక్కువ లావున్న బోలు రబ్బరు కొన్నాము. ఈసారి ఈ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు తెచ్చాము. దాని అణువుల వెన్నెముకలో ఓజోను కొరికే బలహీనమైన చోట్లు లేవు. అందుచేత ఎండలో ఎక్కువకాలం వుంటుంది.

ముందుగా నేల రేకు పని జరిగింది. తుప్పుపట్టిన భాగం కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించి, రెడ్ ఆక్సైడు, దానిమీద రంగు వేయించాము. తరవాత తలుపు అంచుల పాత బంకంతా గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, తుడిచి ఆరబెట్టాము. బంక లేకుండానే రబ్బరును ఒకసారి చుట్టూ ఆనించి చూశాము. లాగకుండా, మూలల్లో కొంచెం వదులుగా తోస్తూ అమర్చాము. అతుకు తలుపు అడుగున వచ్చేట్టు, కన్నాలకు అడ్డం రాకుండా చూశాము. చివర వేలెడు ఎక్కువ వుంచి కోశాము. బంకను రెండువైపులా పలచగా పూసి, చేతికి అంటీ అంటనట్టు ఆరాక అదిమాము. ఆ బంక ఆవిరి మంచిది కాదు. అందుకని ఆ పని పెద్దవాళ్ళే, ఆరుబయటే చేయాలి సుమా! రబ్బరు మెత్తబడుతుందని మెకానిక్కు కిరసనాయిలు రాయబోతే వద్దన్నాను. కిరసనాయిలు, ఇంజను నూనె తగిలితే ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బునీటితో తుడిస్తే చాలు.

మళ్ళీ సుద్ద రుద్దాము. తెల్లని గీత తెగకుండా చుట్టూ పడింది. తలుపు ఒక చేత్తో తోస్తే మెత్తగా పడింది.

రబ్బరుకు అయిన ఖర్చుకంటె రేకు పనికి అయిన ఖర్చు ఎన్నో రెట్లు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. అయితే డబ్బు కంటె నన్ను ఎక్కువ బాధించినది ఇంకొకటి వుంది. ఆ రాత్రి మా మనమరాలిని పిలిచి, "అమ్మడూ, నువ్వు రెండుసార్లు చెప్పినా నేను వినలేదు. చూడకుండానే తప్పు నీదన్నాను. తప్పు నాదేనమ్మా," అన్నాను.

అది కాసేపు ఆలోచించి, "ఆ మాట నా నీళ్ళ సీసాకు కూడా చెప్పు తాతయ్యా!" అన్నది. చెప్పాను.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు "కాళ్ళు తడుస్తున్నాయి," అంటే సీసా వైపు చూసే ముందు చాప ఎత్తి చూడండి.

పిల్లలూ, మీరు చేసి చూడవలసినవి రెండు వున్నాయి. మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో మంచినీరు, ఒకదాంట్లో ఉప్పునీరు సగం మునిగేట్టు పోసి, కొత్త మేకులు వేయండి. మూడోదాంట్లో నీరు లేకుండా మేకు వుంచి, మూత పెట్టండి. వారం రోజులు రోజూ చూసి రాయండి. రెండోది: ఒక రబ్బరు బ్యాండును లావుపాటి పుస్తకానికి గట్టిగా తొడిగి కిటికీలో ఎండ తగిలేచోట వుంచండి. అట్లాంటిదే ఇంకొకటి వదులుగా చీకటి డబ్బాలో పెట్టండి. రెండు నెలల తరవాత రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ఈ నెల ప్రశ్న. మీ ఇంట్లో నీటినో, గాలినో, ఆవిరినో ఆపే రబ్బరులు ఎన్ని వున్నాయి? వెతికి జాబితా రాయండి. ఫ్రిజ్ తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి, లాగి చూడండి. తేలికగా వచ్చేస్తే ఏం అర్థం చేసుకోవాలో కూడా రాయండి. ఊహించి రాయకండి, చూసి రాయండి. ఊహించి పనిచేస్తే ఏమవుతుందో మీ మాస్టారు ఈ నెల చెప్పేశాడు గదా!

మీ మాస్టారు